జపాను గడప

'మర్యాద' అనే సంస్కృత శబ్దానికి మొదటి అర్థం ఎల్ల. సముద్రం మర్యాద దాటదని పూర్వకవులు వర్ణించినప్పుడు వారు చెప్పినది చెలియలికట్టను గూర్చి. తెలుగులో ఈ మాట క్రమంగా గౌరవము, మన్నన, అతిథిసత్కారము అనే అర్థాలలో స్థిరపడగా, ఎల్ల అనే తొలి అర్థం చాలవరకు నిఘంటువులకు పరిమితమైపోయింది. జపాను దేశానికి పోయిన యాత్రికునికి ఈ రెండు అర్థాలూ మరల ఒకచోట చేరి కనబడతాయి. అక్కడి నిత్యజీవనంలో మన్నన అంతా ఒక గీతను ఆశ్రయించి ఉన్నది. ఆ గీతకు లోపల ఎవరు, వెలుపల ఎవరు అన్నది తేలితేనే గాని ఏ మాట పలకవలెనో, ఎంతవరకు వంగవలెనో, కాలికి ఏమి తొడుగుకొనవలెనో తేలదు.

2024 సంవత్సరంలో జపానుకు వచ్చిన విదేశీయుల సంఖ్య 3 కోట్ల 68 లక్షలు దాటింది. వారిలో భారతీయులు కొద్దిమందే అయినా, తిరిగి వచ్చి ప్రయాణానుభవాలు వ్రాసేవారికి మన భాషలలో కొదువ లేదు. ఆ వ్రాతలలో తరచుగా కనబడే వాక్యాలు నాలుగు: వీధులు అద్దంలాగ ఉన్నవి, రైలు క్షణమైనా ఆలస్యం కాలేదు, ప్రతివారూ వంగి నమస్కరించారు, మనవారు వీరిని చూచి నేర్చుకోవాలి. ఇందులో అసత్యమేమీ లేదు. కాని యాత్రికుడు తాను పొందిన మన్ననను ఆత్మీయతగా భావించి వ్రాసినప్పుడు ఆ వ్రాత దారి తప్పుతుంది. జపానులో అతిశయమైన మన్నన అందుకొనేవాడు బయటివాడు. లోపలివానితో అంత లాంఛనం పాటించరు. ఈ సంగతి గ్రహించని రచయిత వాకిట జరిగిన సత్కారాన్ని వర్ణిస్తూ, ఇల్లంతా చూచి వచ్చినట్లు పాఠకుని నమ్మిస్తాడు.

ఆ గీత అన్నిటికంటె స్పష్టంగా కంటికి కనబడే చోటు ఇంటి ప్రవేశద్వారం. దానిని 'గెంకన్' అంటారు. తలుపు తీయగానే చిన్న చదరపు నేల ఉంటుంది. అది వీధి మట్టానికి దగ్గరగా, ఇంటి నేలకంటె పల్లంగా ఉంటుంది. దాని చివర ఒక మెట్టు. ఆ మెట్టు వద్ద పాదరక్షలు విడిచి ఇంటిలోకి 'ఎక్కాలి'. ఇక్కడ ఎక్కడం అన్నది అలంకారం కాదు. జపాను భాషలో ఇంటిలోకి రమ్మని పిలిచే క్రియకు అర్థమే అది. 'ఎక్కి రండి' అని గృహస్థు అంటాడు. వచ్చినవాడు 'ఒజమ షిమస్' అంటాడు. అనగా 'మీకు అడ్డు వస్తున్నాను' అని. ఆహ్వానించబడిన అతిథి కూడా తన రాకను ఒక అంతరాయంగా చెప్పుకొనడం తెలుగువానికి మొదట వింతగా తోస్తుంది. మన ఊళ్ళలో అతిథి ఆ మాట అంటే ఇంటివారు నొచ్చుకొంటారు.

విడిచిన పాదరక్షల మునివేళ్ళు వీధివైపు తిరిగి ఉండాలి. ముందు ఇంటివైపు ముఖం పెట్టి మెట్టు ఎక్కి, పక్కకు తిరిగి మోకరిల్లి, చెప్పులను చేతితో త్రిప్పి ఒక వారగా పెట్టడం పద్ధతి. ఇంటివారికి వీపు చూపుతూ వెనుకకు నడచి ఎక్కడం తేలిక గాని, అది చూడ ముచ్చటగా ఉండదని వారి అభిప్రాయం. లోపల వసారాలో తొడుగుకొనడానికి మెత్తని చెప్పులు ఇస్తారు. చాప పరచిన గదిలోకి పోయేటప్పుడు వాటినీ విడవాలి. మరుగుదొడ్డిలో తొడుగుకొనడానికి వేరే జత ఆ తలుపు లోపలనే వేచి ఉంటుంది. విదేశీయుడు ఆ జతతోనే తిరిగి వచ్చి భోజనాల గది ముందు నిలబడడం జపానులో ఎంత పాత హాస్యమో, అంత నిత్యనూతనమైన హాస్యం. ఎవ్వరూ పైకి నవ్వరు. చూపులు మాత్రం ఒకసారి క్రిందికి దిగి మరల పైకి వస్తాయి.

గడప మన ఇండ్లలో పసుపు కుంకుమలతో పూజలందుకొనే స్థలం. గడపమీద నిలబడరాదని, గడపకు అటూ ఇటూ ఉండి ఇచ్చి పుచ్చుకొనరాదని పెద్దలు చెబుతారు. జపానులో 'షికీ' అని పిలిచే తలుపు క్రింది పట్టెకూ ఇట్టి నియమమే ఉన్నది. దానిని త్రొక్కరాదు, దాటి అడుగు వేయాలి. గదిలో పరచిన 'తతామి' చాపల అంచు గుడ్డను కూడ త్రొక్కరాదు. వరిగడ్డితో దళసరిగా కూర్చి, పైన మెత్తని తుంగ అల్లిక వేసిన ఈ చాపలే గది కొలతకు ప్రమాణం. గది ఎంత పెద్దదన్న ప్రశ్నకు జవాబు ఎన్ని చాపలన్నదే. 'గడప ఎత్తైపోయింది' అని వారి నుడికారం ఒకటి ఉన్నది. ఎవరికైనా అపకారమో, అలక్ష్యమో చేసినవాడు తిరిగి వారి ఇంటికి పోవడానికి ముఖం చెల్లనప్పుడు అలా అంటాడు. 'ఆ గడప తొక్కను' అని తెలుగువాడు పంతంతో అనే మాటను దీని పక్కన పెట్టి చూడవచ్చు. ఇద్దరికీ సంబంధం తెగిన చోటు గడపయే. ఒకడు కోపంతో ఆగిపోయాడు. మరొకడు సిగ్గుతో ఆగిపోయాడు.

గడప దాటడాన్ని ఒక కళగా మలచిన చోటు తేనీటి గది. 16వ శతాబ్దంలో జీవించిన సెన్ నొ రిక్యు, తేనీటి సత్కారానికి ఇప్పటికీ నిలిచిన రూపం ఇచ్చినవాడు. అతని సంప్రదాయంలో తేనీటి గదికి 'నిజిరిగుచి' అనే ద్వారం ఉంటుంది. అది సాధారణంగా ఎత్తూ వెడల్పూ సుమారు 65 సెంటీమీటర్లు. ఎంతటి ప్రభువైనా మోకాళ్ళమీద ప్రాకి లోపలికి పోవలసిందే. కత్తి ఆ సందులో పట్టదు. బయట ఉన్న కొయ్యమీద పెట్టి రావాలి. క్యోటో సమీపంలోని యమజకిలో, రిక్యు కట్టించినదని చెప్పే 'తైఅన్' అనే గది ఇప్పటికీ ఉన్నది. దాని వైశాల్యం రెండు చాపలు. యుద్ధాల శతాబ్దంలో ఆ రెండు చాపలమీద ఆయుధం లేని మనుష్యులు ఎదురెదురుగా కూర్చున్నారన్నది ఊహించదగిన విషయం.

ఇంటిలోనివారు గడప దాటి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పలికే మాటలు నాలుగు ఉన్నవి. బయలుదేరేవాడు 'ఇత్తె కిమస్' అంటాడు. ఈ మాటను తెలుగులోకి అనువదించడానికి ఏ ప్రయాసా లేదు: 'వెళ్ళి వస్తాను'. వెళ్ళడం, రావడం అనే రెండు క్రియలూ అదే వరుసలో, అదే కలయికలో ఉన్నవి. ఇంట నిలిచినవారు 'ఇత్తె రష్షై', 'వెళ్ళి రండి' అంటారు. ఇంగ్లీషులో ఈ జంటకు సరిపోయే మాటలు దొరకక అనువాదకులు నానా అవస్థ పడతారు. తెలుగువానికి అది పుట్టినప్పటినుండి ఉన్న సొత్తు. ఉత్త 'వెళ్తాను' అనడం అశుభమని మన ఇండ్లలో మందలించే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. తిరిగి వచ్చినవాడు గెంకన్‌లో నిలబడి 'తదైమ' అంటాడు. 'ఇప్పుడే' అని దాని అర్థం. లోపలినుండి 'ఒకాయెరి', 'తిరిగి వచ్చారా' అని జవాబు వస్తుంది. ఒంటరిగా నివసించేవారు కూడ ఖాళీ ఇంటిలోకి అడుగుపెడుతూ 'తదైమ' అనుకొనడం కద్దు.

ఇల్లు అనే అర్థంలో వాడే 'ఉచి' అనే మాటకు లోపల అని అర్థం. 'సొతొ' అంటే వెలుపల. ఈ రెండు మాటలమీద జపాను భాషలోని గౌరవవాచకాల నిర్మాణమంతా నిలిచి ఉన్నది. తెలుగు రచయిత ఆగి చూడదగిన స్థలం ఇదే. నీవు, మీరు అనే భేదం, వచ్చాడు, వచ్చారు అనే భేదం మనకు సుపరిచితం. అయితే తెలుగులో ఈ గౌరవం సాధారణంగా వ్యక్తికి అంటుకొని ఉంటుంది. తండ్రిని గూర్చి ఇంటిలో మాటాడినా, పొరుగువారితో మాటాడినా 'మా నాన్నగారు వచ్చారు' అనే అంటాము. జపాను భాషలో అది పెద్ద పొరపాటు. ఇంటిలో తండ్రిని 'ఒతొసన్' అని గౌరవంగా పిలిచే కుమారుడు, బయటివారితో చెప్పేటప్పుడు గౌరవచిహ్నాలన్నీ తీసివేసి 'చిచి' అంటాడు. ఆయన చేసిన పనిని తగ్గింపు క్రియతో చెబుతాడు. ఎదుటివారి తండ్రి ప్రసక్తి వచ్చినప్పుడు మరల 'ఒతొసన్' వస్తుంది.

కార్యాలయంలోనూ ఇదే న్యాయం. సంస్థ అధ్యక్షుని ఎదుట వంగి మాటాడే గుమాస్తా, బయటినుండి ఫోను చేసినవారికి ఆయన లేరని చెప్పవలసి వచ్చినప్పుడు ఇంటిపేరు మాత్రం పలికి, పక్కన ఏ గౌరవపదమూ చేర్చక, తగ్గింపు క్రియతో ముగిస్తాడు. అధ్యక్షుడు ఆ క్షణంలో 'మావాడు'. ఫోనులో ఉన్నవాడు ఎవడైనా వెలుపలి మనిషి గనుక అతనిదే పైచేయి. గౌరవం వయస్సును బట్టి, పదవిని బట్టి మాత్రమే గాక, గీత ఆ సమయంలో ఎక్కడ పడిందన్న దానిని బట్టి మారుతుంది. అదే గీత ఒకప్పుడు కుటుంబం చుట్టూ, ఒకప్పుడు పాఠశాల చుట్టూ, మరొకప్పుడు దేశం చుట్టూ పడుతుంది.

ఇంగ్లీషు ద్వారా తెలుగులోకి వచ్చే జపాను కథలలో ఈ సూక్ష్మం నిలవడం కష్టం. ఇంగ్లీషు క్రియకు గౌరవభేదం లేదు గనుక మొదటి అనువాదంలోనే అది జారిపోతుంది. తెలుగు అనువాదకుడు తన భాషకు సహజమైన 'గారు'ను, బహువచన క్రియను తిరిగి చేర్చినప్పుడు మూలంలో గౌరవం లేనిచోట గౌరవం ప్రవేశిస్తుంది. ఉన్నచోట ఒక్కొక్కప్పుడు లోపిస్తుంది. భార్యాభర్తల మధ్య మాట ఒక వాక్యంలో హఠాత్తుగా లాంఛనప్రాయం కావడమే ఆ కథలో సంఘర్షణ అయినప్పుడు, ఆ నష్టం కథకే నష్టం. మూలభాష నేర్చి అనువదించేవారు మనలో మరికొందరు కావాలన్న కోరికకు ఇంతకంటె వేరే కారణం అక్కరలేదు. ఆ భాషా నిఘంటువు తెరచిన తెలుగువానికి ఒక ఊరట ఉన్నది: అక్షరక్రమం అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న అని సాగుతుంది. బౌద్ధభిక్షువులు సంస్కృత వర్ణమాలను అభ్యసించిన ప్రభావం అది.

ఇక అంగడి వీధి. తెరచి ఉన్న అనేక దుకాణాల ముందు, భోజనశాలల ముందు 'నొరెన్' అనే నిలువుగా చీలిన గుడ్డతెర వ్రేలాడుతుంది. తెర ఉంటే వ్యాపారం జరుగుతున్నట్లు. లోపలికి తీసివేస్తే ముగిసినట్లు. దానిని చేతితో తొలగించి, తల కొంచెం వంచి లోపలికి పోవాలి. అడుగు పెట్టగానే పనివారందరూ ఒక్కసారిగా 'ఇరష్షైమసె' అని కేక వేస్తారు; 'దయచేయండి' అని దాని భావం. ఈ మాటకు ఎవ్వరూ జవాబు ఆశించరు. కొత్తగా పోయిన భారతీయుడు ఆ సంగతి తెలియక, ప్రతి కేకకూ ఆగి, ప్రతి పనివానికీ నమస్కరిస్తూ పోతే దుకాణం దాటేసరికి అలసిపోతాడు. డబ్బు చేతిలో పెట్టడం లేదు. బల్లమీద చిన్న పళ్ళెం ఉంటుంది. నోట్లు అందులో ఉంచితే, చిల్లర కూడ చాలచోట్ల అందులోనే వస్తుంది. ఆ పళ్ళెం కూడ ఒక గడపయే. బక్షీసు ఇచ్చే ఆచారం లేదు. బల్లమీద వదలివచ్చిన నాణెములను మరచిపోయారనుకొని పనివాడు వీధిలోకి పరుగెత్తి తెచ్చి ఇచ్చిన సందర్భాలు యాత్రికులు అనేకులు చెప్పినవే.

యాత్రికుని చెవిన రోజంతా పడే మరొక మాట 'సుమిమసెన్'. త్రోవ అడగడానికి అదే, కాలు త్రొక్కినందుకు అదే, తలుపు పట్టుకొన్నందుకు కృతజ్ఞతగానూ అదే. క్షమాపణకూ కృతజ్ఞతకూ ఒకే మాట ఏమిటని పాశ్చాత్యులు ఆశ్చర్యపడతారు. దాని నిర్మాణాన్ని విప్పితే 'తీరదు' అని వస్తుంది. నాకోసం మీరు పడిన శ్రమకు నావైపునుండి లెక్క తీరలేదని భావం. 'మీ ఋణం తీర్చుకోలేను' అనే తెలుగువానికి ఇందులో చిక్కేమీ కనబడదు. భేదమల్లా మనం ఆ మాటను జీవితంలో కొన్ని సందర్భాలకే దాచుకొంటాము. వారు దానిని మెట్లమీద, రైలులో, టీ గిన్నె అందుకొన్నప్పుడు ఖర్చు చేస్తారు. ఋణం చిన్నదైనప్పుడే ఒప్పుకొనడం వారి పద్ధతి.

భోజనం విషయం కొంత విస్తరించి చెప్పదగినది. 'గొహన్' అంటే వండిన అన్నం; భోజనానికీ అదే పేరు. ఉదయపు ఆహారం రొట్టె అయినా దానిని 'ఉదయపు అన్నం' అనే అంటారు. 'అన్నం తిన్నారా' అని పలకరించే మనకు ఇది పరాయిగా తోచదు. తినబోయే ముందు చేతులు జోడించి 'ఇతదకిమస్' అంటారు. 'అందుకొంటున్నాను' అని సామాన్యార్థం. ఆ క్రియకు మూలార్థం తలమీద పెట్టుకొనడం. ప్రసాదాన్ని కళ్ళకద్దుకొని నోట వేసుకొనే చేతి కదలికను వారు ఒక క్రియాపదంలో దాచుకొన్నారు. తిన్న తరువాత 'గొచిసోసమ' అంటారు. అందులోని 'చిసో' అనే భాగానికి పరుగులు పెట్టడం అని అర్థం. అతిథికోసం పదార్థాలు సమకూర్చడానికి ఇంటివారు అటూ ఇటూ తిరిగిన శ్రమ ఆ మాటలో ఉన్నది. పెద్ద హోటలులోనే గాక, రైల్వే స్టేషనులో నిలబడి నూడుల్స్ తిని పోయే గుమాస్తా కూడ గిన్నె ఎదురుగా పెట్టి ఆ మాట అని పోతాడు.

పుల్లలతో తినడం నాలుగు రోజులలో పట్టుబడుతుంది. చేయగూడని పనులు రెండు మాత్రం మొదటి రోజుననే తెలియాలి. అన్నంలో పుల్లలు నిలువుగా గ్రుచ్చి వదలరాదు. చనిపోయినవారి తల దగ్గర పెట్టే అన్నపు గిన్నెలో అలా గ్రుచ్చుతారు. ఒకరి పుల్లలనుండి మరొకరి పుల్లలకు పదార్థం అందించరాదు. దహనం తరువాత అస్థులను బంధువులు పుల్లలతో జతగా ఎత్తుతారు. పిండప్రదానం, అస్థిసంచయనం తెలిసిన తెలుగువానికి వేరే వివరణ అక్కరలేదు. నియమాల పట్టికలో ఇవి 'చేయరాదు' అని రెండు పంక్తులుగా ఉంటాయి. వాటి వెనుక మరణం ఉన్నదన్న సంగతి తెలిసిన తరువాత యాత్రికుడు మరొకసారి మరచిపోడు.

శాకాహారికి జపాను కష్టమైన దేశం. 'మాంసం వద్దు' అంటే గృహస్థు సంతోషంగా తల ఊపి చేప తెస్తాడు. ఇందులో మోసం లేదు, అలక్ష్యం లేదు. మాంసం అనే అర్థంలో వాడే 'నికు' అనే మాట పరిధిలోకి నిత్యవ్యవహారంలో చేప రాదు. గీత మరొకచోట గీయబడి ఉన్నది. 675 సంవత్సరంలో తెమ్ము చక్రవర్తి పశుమాంసంపై విధించిన నిషేధంలోనూ చేపలు లేవు. చేప కూడ వద్దన్నా చిక్కు తీరదు. వంటకు ఆధారమైన 'దషి' అనే రసాన్ని తరచుగా 'కత్సువొబుషి'తో తీస్తారు. అది కత్సువొ అనే సముద్రపు చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టె వలె గట్టిపడేదాకా ఎండబెట్టినది. దానిని చిత్రిక పట్టి పొరలుగా తీసి వాడతారు. కూరగాయల పులుసులో, సేమ్యా రసంలో, చూపుకు ఏమీ కనబడని చోట కూడ అది ఉంటుంది. సముద్రపు నాచు 'కొంబు'తో తీసిన దషి మాత్రం శాకాహారమే. టోక్యోలోని ఆచార్యుడు ఇకెద కికునయె 1908లో రసాయన పరీక్ష చేసి 'ఉమామి' అనే రుచికి కారణమైన పదార్థాన్ని కనుగొన్నది ఈ కొంబులోనే.

దారి కావలసినవారికి బౌద్ధాలయాల వంటశాలలు ఉన్నవి. అక్కడి 'షోజిన్ ర్యోరి'లో చేప గాని, మాంసం గాని, ఉల్లి వెల్లుల్లి గాని వాడరు. షోజిన్ అనేది బౌద్ధంలోని వీర్యపారమితకు, అనగా ఎడతెగని ప్రయత్నానికి, చీనా అక్షరాలలో వచ్చిన అనువాదం. మన కార్తిక మాసపు వంటను గుర్తుకు తెచ్చే ఆ భోజనం కోయా కొండమీది ఆశ్రమాలలో యాత్రికులకు దొరుకుతుంది. ఉపనిషత్తులు చదివిన తెలుగువాడు అక్కడ కూర్చుని జపానంతా ఇట్లే ఉన్నదని వ్రాయకుండ ఉంటే మేలు.

స్నానశాలలో గీత మరొక రూపం ధరిస్తుంది. వీధి స్నానశాలను 'సెంతొ' అంటారు. ముందు నొరెన్‌మీద వేడినీరు అని అర్థమిచ్చే ఒక్క అక్షరం ఉంటుంది. ఆడవారికి, మగవారికి వేరు గదులు. మధ్య గోడ కప్పును అంటదు గనుక, లేవబోయే భర్త గోడ అవతలి భార్యను కేకవేసి పిలవడం వినబడుతుంది. బట్టలన్నీ విడిచి, చిన్న పీటమీద కూర్చుని, సబ్బుతో ఒళ్ళు రుద్దుకొని, నురుగు మిగలకుండ కడుగుకొన్న తరువాతనే తొట్టిలో దిగాలి. ఒళ్ళు శుభ్రం చేసుకొనడం బయట జరిగిపోతుంది. తొట్టి నీరు వెచ్చదనానికి, విశ్రాంతికి. ఆ నీరు అందరిదీ. చిన్న తువాలును కూడ అందులో ముంచరు. మడిచి తలమీద పెట్టుకొంటారు. టోక్యోలోని పాత స్నానశాలల గోడమీద ఫుజి పర్వతం చిత్రించి ఉంటుంది. 1912లో కంద పేటలోని ఒక స్నానశాల ఈ ఆచారాన్ని ప్రారంభించిందని చెబుతారు.

బట్టలతోబాటు పదవులు కూడ బుట్టలో పెట్టి రావడం వలన, సెంతొలో ముసలి వడ్రంగీ, బ్యాంకి ఉద్యోగీ మెడవరకు మునిగి బేస్‌బాల్ ఆటను గూర్చి మాటాడుకొంటారు. యాత్రికునితో మాట కలిపే అవకాశం మరి ఏ చోటికంటె ఇక్కడ ఎక్కువ. కాని ఆ చోట్లు తగ్గిపోతున్నవి. 1968 ప్రాంతంలో దేశమంతటా సుమారు 18,000 సెంతొలు ఉండేవి. ఇప్పుడు వాటి సంఖ్య 2,000 కంటె తక్కువ. ప్రతి ఇంటిలో స్నానపు గది ఏర్పడడం మొదటి కారణం. ఇంధనం ఖర్చు, యజమానుల వార్ధక్యం తరువాతివి. నిత్యావసరం గనుక స్నానపు రుసుముకు ప్రాంతీయ ప్రభుత్వం పైపరిమితి విధిస్తుంది. ఖర్చు పెరిగినంత వేగంగా రుసుము పెరగదు. పొడుగాటి పొగగొట్టం పడగొట్టిన చోట కొన్నాళ్ళకు అద్దె ఇండ్లు లేస్తాయి.

వీధుల శుభ్రతను గూర్చి అందరూ వ్రాసినదే గనుక ఇక్కడ రెండు విషయాలు చాలు. పాఠశాలలలో పిల్లలు తమ తరగతి గదిని, వసారాను తామే ఊడ్చి తుడుస్తారు. ఆ అలవాటు అక్కడ నాటబడుతుంది. చెత్తబుట్టలు వీధిలో అంతగా కనబడవు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో ఒక మతశాఖవారు సారిన్ విషవాయువు వదిలిన తరువాత, రక్షణకోసం అనేక స్టేషన్లలో బుట్టలు తొలగించారు. నారింజ తొక్క జేబులో పెట్టుకొని బసకు చేరే యాత్రికుడు దానిని జాతిలక్షణంగా వర్ణించే ముందు ఈ తేదీని గుర్తుంచుకొనాలి. ఇక త్రోవ తప్పడం సర్వసాధారణం. చాల వీధులకు పేర్లు ఉండవు. ఇండ్ల సంఖ్యలు పేటను, ఖండాన్ని బట్టి ఉంటాయి. కూడలిలో ఉండే చిన్న పోలీసు గది 'కోబన్'లో గోడకు పటం ఉంటుంది. 1874లో టోక్యోలో మొదలైన ఈ గదులలో పోలీసులకు దొంగలతో ఎంత పనో, దారి తెలియనివారితో అంత పని.

హైకు అనే కవితారూపం 1990 దశకంనుండి తెలుగులో విరివిగా వ్యాపించింది. ఇస్మాయిల్ 'కప్పల నిశ్శబ్దం' అనే సంపుటి వెలువరించారు. తరువాతివారు అనేకులు ఆ మూడు పంక్తులను చేపట్టారు. మూలంలో హైకుకు ప్రాణమైన 'కిగొ', అనగా ఋతుసూచకమైన మాట, తెలుగులో అంతగా నిలవలేదు. జపాను వీధిలో నెలరోజులు తిరిగినవానికి ఆ మాట కవుల కల్పన కాదని తెలుస్తుంది. ఉత్తరం వ్రాసేవారు క్షేమసమాచారం అడిగే ముందు ఆ వారపు వాతావరణాన్ని గూర్చి ఒక వాక్యం వ్రాస్తారు. మిఠాయి దుకాణంలో ఆకు ఆకారపు మిఠాయి నెల తిరగగానే రంగు మారుతుంది. జూన్ 1న, అక్టోబరు 1న విద్యార్థుల దుస్తులు మారడం ఆచారం. వేసవులు దీర్ఘమైన ఈ కాలంలో ఆ తేదీలు కొంత సడలినవి. కాలానికి కూడ గడపలు పెట్టుకొన్న జాతి అది. తొలకరి, ఉగాది వేపపూత, పుష్యమాసపు మంచు ఉన్న తెలుగు కవికి కిగొలు కరవు కావు. వాటిని ఏరి ఉంచిన పట్టిక లేదు, అంతే.

1916 మే నెలలో రవీంద్రనాథ ఠాకూరు 'తొసమరు' అనే ఓడలో ప్రయాణించి కోబె రేవులో దిగారు. ఆయన వంగభాషలో వ్రాసిన 'జపాన్ యాత్రి' 1919లో వెలువడింది. రద్దీ వీధులలో కేకలు, కలహాలు లేకపోవడాన్ని, మూడు పంక్తుల పద్యంలోని పొదుపును ఆయన ఒకే సంయమానికి రెండు రూపాలుగా చూచారు. బషో పద్యాలు రెండింటిని అనువదించి చూపారు కూడ. అదే సంవత్సరం అదే దేశపు సభలలో నిలబడి, ఆ రాజ్యం అలవరచుకొంటున్న జాతీయోన్మాదాన్ని ఖండించారు. ఆహ్వానించినవారిలో అనేకులకు ఆ మాటలు రుచించలేదు. అతిథిగా అందుకొన్న సత్కారం ఆయన చూపును కప్పలేదు. ఇక సామాన్య వివరాలు వ్రాయడంలో మన భాషకు ఠాకూరు కంటె పాత ఒరవడి ఉన్నది: ఏనుగుల వీరాస్వామయ్య 1830లో బయలుదేరి వ్రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీలు, దారులు, దొరికే సరుకులు, ఊరి ఆచారాలు నిండి ఉన్నవి. ఆశ్చర్యార్థకాలు తక్కువ.

గీతను బొత్తిగా చూడని యాత్రికుల వలన జరిగే నష్టం ఇటీవల క్యోటోలోని గియోన్ పేటలో బయటపడింది. కళాభ్యాసం చేసే యువతులు నివసించే ఆ సందులలో వారిని వెంబడించి, దుస్తులు పట్టుకొని ఛాయాచిత్రాలు తీసే సందర్శకుల బాధ పడలేక, 2024లో అక్కడివారు సొంత సందులలోకి ప్రవేశం నిషేధించి, అతిక్రమిస్తే 10,000 యెన్లు చెల్లించాలని ఫలకాలు నిలిపారు. పొరుగువారికి ఫలకం అవసరం లేకుండ కనబడే ఎల్ల, కొత్తవానికి పలకమీద అక్షరాలతో వ్రాయవలసి వచ్చింది. క్యోటోవారిని గూర్చి ఒక పాత పరిహాసం ఉన్నది. అతిథి కదలనప్పుడు 'కొంచెం టీ పోసిన అన్నం తింటారా' అని ఇంటివారు అడుగుతారట. దాని భావం ఇక సెలవు పుచ్చుకోమని. 'రకుగొ' అనే హాస్యకథనాలలో ఈ ఘట్టం ప్రసిద్ధం. తాంబూలం ఇచ్చి సాగనంపే మనవారికి ఆ సంకేతం అర్థం కాకపోదు.

పల్లెలలో, వేడినీటి ఊటల వద్ద ఉన్న పాతకాలపు బసలలో దిగినవానికి ఒక అనుభవం తప్పక కలుగుతుంది. ఉదయం ఊరు చూడటానికి బయలుదేరుతూ గెంకన్‌లో తన జోళ్ళకోసం వెదికితే, అవి అప్పటికే వీధివైపు తిప్పి పెట్టి ఉంటాయి. బస నడిపే ఆమె మెట్టుమీద మోకరిల్లి 'ఇత్తె రష్షై' అంటుంది. సాయంకాలం తిరిగి వస్తే 'ఒకాయెరి నసై' అంటుంది. ఇంటివారి మాటలు తనకు దక్కినవని యాత్రికుడు పొంగిపోవడం సహజం. అదే ఉదయం ఆమె ఆ మాటను పన్నెండు గదులవారికీ చెప్పి ఉంటుంది. అది ఆమె వృత్తి. అయినా జవాబు చెప్పకుండ పోవడం బాగుండదు. తెలుగువాడు జపాను మాట తడుముకొంటూ, జోళ్ళు తొడుగుకొని, వంగి లేచి, 'వెళ్ళి వస్తాను' అన్నా ఆమెకు భావం అందుతుంది.